కరెంటు పెట్టే విభాగానికి ఫుల్ మార్కులు, ఆ తర్వాతి ఏళ్ళ ఫాలోఅప్‌కి పాస్ మార్కులు కూడా వేయలేను

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో మా అన్నయ్యకి బ్రెయిన్‌కి రేడియేషన్, అంటే మనవాళ్ళు కరెంటు పెట్టడం అనే ట్రీట్‌మెంట్, ఇప్పించాం. ఆ విభాగం గురించి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిచిన ఫాలోఅప్ గురించి ఈ రివ్యూ. ఆస్పత్రి పేరు రాయను. వేరే ఆస్పత్రుల్లో ట్రీట్‌మెంట్ అయిన వాళ్ళతో మాట్లాడితే వాళ్ళ అనుభవం కూడా ఇంచుమించు ఇదే, కాబట్టి ఒక్కళ్ళ పేరు పెట్టి తిట్టడం న్యాయం కాదు. పేరు కన్నా, అక్కడికి వెళ్ళబోయే వాళ్ళు ఏం అడగాలో తెలియడం ముఖ్యం.

అన్నయ్యది లో గ్రేడ్ గ్లయోమా, అంటే నెమ్మదిగా పెరిగే రకం గడ్డ, ఎడమ వైపు. ఫిట్స్ వస్తే బయటపడింది. ఆపరేషన్‌లో తీయగలిగినంత తీశారు, మిగిలిన దానికి 54 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్, రోజుకి 1.8 చొప్పున 30 సిట్టింగులు. గుంటూరులో మాకు కిరాణా హోల్‌సేల్ షాపు ఉంది, దాన్ని నడిపేది అన్నయ్యే.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే ఆ మంచి నిజంగా మంచే. సిమ్యులేషన్ రోజు, అంటే ట్రీట్‌మెంట్ మొదలవ్వక ముందు కొలతలు తీసుకునే రోజు, ముఖానికి మాస్క్ చేస్తారు. వేడి నీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ జాలీ షీటుని మొహం మీద పరిచి, గట్టిపడేదాకా అలాగే ఉంచుతారు. ఆ మాస్క్‌ని తర్వాత ప్రతి సిట్టింగ్‌లో బల్లకి బిగిస్తారు, తల ఒక్క మిల్లీమీటరు కూడా కదలకూడదు కాబట్టి. అన్నయ్యకి మూసిన చోట ఉండటమంటే చిన్నప్పటి నుంచీ భయం. అది తెలిసి టెక్నీషియన్ కుర్రాడు మొదటి రోజు మాస్క్ బిగించే ముందు అన్నయ్య చేతిలో ఒక రబ్బరు బెల్ లాంటిది పెట్టి, "అన్నా, ఇది నొక్కితే మరుక్షణం మిషన్ ఆపి లోపలికొస్తా" అన్నాడు. అన్నయ్య ఒక్కసారి కూడా నొక్కలేదు, కానీ అది చేతిలో ఉందన్న ధైర్యంతోనే అన్ని సిట్టింగులూ పూర్తి చేశాడు. ఇచ్చిన టైముకి పిలిచేవాళ్ళు. మిషన్ మొరాయించిన రోజున ఇంటి నుంచి బయల్దేరక ముందే ఫోన్ చేసి చెప్పారు. వారం వారం డాక్టరు చూసేవారు, ఫిట్స్ మాత్రల డోసు కూడా ఆయనే అడిగి రాసుకునేవారు. జుట్టు ఎక్కడ ఊడుతుందో, చర్మం ఎక్కడ నల్లబడుతుందో, తలకి నూనె రాయొచ్చో లేదో అన్నీ ముందే చెప్పారు. ఇంతవరకు నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు.

చివరి సిట్టింగ్ అయిపోయాక ఒక ఫైలు చేతిలో పెట్టారు. అందులో ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు అన్నది ఉంది. కింద "ఎమ్మారైతో రివ్యూకి రావలెను" అన్న లైను ఉంది. అంతే. ఆ రేడియేషన్ ప్రభావం మెదడు మీద ఇంకా ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుందని ఆ ఫైల్లో ఎక్కడా లేదు. మొదట్లో సంతకం పెట్టించుకున్న ఫారంలో చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. కానీ గడ్డ అని తెలిసి కాళ్ళూ చేతులూ ఆడని రోజున పెట్టిన సంతకం అది. దాన్ని చెప్పడం అనరు.

ఇప్పుడు అసలు విషయం. మెదడుకి రేడియేషన్ ఇస్తే వచ్చే ఇబ్బందులు మూడు దశల్లో వస్తాయి. మొదటిది, ఇస్తున్నప్పుడు, ఆ తర్వాత కొన్ని వారాలు: తలనొప్పి, వాంతులు, నీరసం, వాపు. దీనికి స్టెరాయిడ్ ఇస్తారు, తగ్గుతుంది. రెండోది ఒకటి నుంచి ఆరు నెలల మధ్య: విపరీతమైన నిద్రమత్తు, మతిమరుపు, ఒక్కోసారి స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించడం. చాలామందిలో ఇది కూడా దానంతట అదే సర్దుకుంటుంది. మూడోది ఆరు నెలలు దాటాక ఎప్పుడైనా మొదలవ్వొచ్చు, రెండేళ్ళకో, పదేళ్ళకో, ఇరవై ఏళ్ళకో. మొదటి రెండింటి లాగా ఇది సాధారణంగా వెనక్కి పోదు. మెదడులో నరాల తీగల చుట్టూ కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగులా ఒక కొవ్వు పొర ఉంటుంది, రేడియేషన్ ఆ పొరని తయారు చేసే కణాలని దెబ్బతీస్తుంది. సన్నటి రక్తనాళాల గోడలు మందమై, లోపల దారి ఇరుకైపోతుంది. కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే హిప్పోక్యాంపస్ అనే భాగం రేడియేషన్‌కి తొందరగా దెబ్బతింటుంది. వీటి వల్ల ఆలోచన నెమ్మదిస్తుంది, ఏకాగ్రత కుదరదు, నడక తూలుతుంది, కొందరిలో మూత్రం మీద అదుపు కూడా పోతుంది. అందరికీ అన్నీ రావు. ఎంత డోసు, ఎంత భాగానికి, ఏ వయసులో అన్నదాన్ని బట్టి ఉంటుంది, షుగరు బీపీ ఉంటే ఇంకా తొందరగా వస్తుంది.

రెండో దశ నిద్రమత్తు మేం చూశాం. రేడియేషన్ అయిన రెండో నెలలో అన్నయ్య అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూనే నిద్రపోయేవాడు. ఫోన్ చేస్తే "మామూలే, తగ్గుతుంది" అన్నారు, తగ్గింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బాగున్నాడు, స్కాన్‌లు బాగున్నాయి, షాపు బాగుంది.

అన్నయ్యకి లెక్క నోట్లోనే ఉండేది. చిల్లర కొట్టువాళ్ళు వచ్చి కందిపప్పు ఇన్ని కిలోలు, మినప్పప్పు ఇన్ని, నూనె డబ్బాలు ఇన్ని, బెల్లం దిమ్మలు ఇన్ని అని వరసగా చెప్తుంటే, వాళ్ళు ఆపేసరికి ఈయన మొత్తం చెప్పేసేవాడు. కాగితం పెన్ను తరవాత, వాళ్ళ నమ్మకం కోసం. అలాంటి మనిషి నాలుగో సరుకు దగ్గరకి వచ్చేసరికి "ముందు ఏం చెప్పావు?" అని అడగడం మొదలుపెట్టాడు. మొదట్లో ఎప్పుడో ఒకసారి, తర్వాత రోజూ. ఒకరితో మాట్లాడుతుంటే ఫోన్ మోగితే, ఫోన్ పెట్టేశాక ఎదురుగా నిలబడ్డ మనిషి ఎందుకొచ్చాడో గుర్తుండేది కాదు. సాయంత్రానికి పూర్తిగా డీలా పడేవాడు. పెళ్ళిళ్ళలో పలకరిస్తే జవాబు వెతుక్కోవడానికి టైము పట్టేది, ఈలోగా పలకరించిన వాళ్ళు పక్కకి వెళ్ళిపోయి "డబ్బు మదం" అనుకునేవాళ్ళు. వదినకి మాత్రం మొదటి నుంచీ అనుమానమే, "ఈయన మారలేదు, ఈయనలో ఏదో నెమ్మదించింది" అనేది.

ఈ మాట వదిన ప్రతి రివ్యూలోనూ డాక్టరుకి చెప్పింది. ఫాలోఅప్ ఓపీ ఎలా ఉండేదో చెప్తాను. పొద్దున్నే టోకెన్, మధ్యాహ్నం దాకా వెయిటింగ్, లోపల స్కాన్ ఫిల్ము లైటు మీద పెట్టి చూడటం, "గడ్డ లేదమ్మా, హ్యాపీగా ఉండండి, మళ్ళీ ఏడాదికి రండి." మతిమరుపు సంగతి చెప్తే "వయసు కదా", "టెన్షన్ పడుతున్నట్టున్నారు", ఒకసారి బి-కాంప్లెక్స్ మాత్ర. డాక్టరు మంచివారే, గడ్డ మళ్ళీ రాలేదన్న సంతోషం ఆయన మొహంలో నిజంగా కనిపించేది. కానీ ఆ ఓపీలో చూసేది గడ్డని మాత్రమే. గడ్డ చుట్టూ ఉన్న మనిషిని చూసే పని ఎవరికీ అప్పగించలేదు. నా అసలు కంప్లైంట్ ఇదే.

తర్వాత ఒక రోజు షాపులో ఉండగా విపరీతమైన తలనొప్పి, కుడి వైపు చూపు చీకటి, కాసేపటికి మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవలేదు. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతం అనుకుని వెంటనే స్కాన్ తీశారు, ఆ తొందర మెచ్చుకోవాల్సిందే. రక్తం గడ్డకట్టిన ఆనవాళ్ళు లేవు. ఎడమ వైపు మెదడు పై ముడతలు మాత్రం మందు ఎక్కించాక తెల్లగా వెలిగాయి. అది చూసి "పాత గడ్డ తిరగబెట్టింది, మళ్ళీ ఆపరేషన్‌కి రెడీ అవ్వండి, కనీసం ముక్క తీసి పరీక్షకి పంపాలి" అన్నారు. వదిన అక్కడే కుర్చీలో కూలబడిపోయింది.

రెండో ఒపీనియన్ కోసం హైదరాబాద్ తీసుకెళ్తే, వేరే ఆస్పత్రిలో న్యూరాలజిస్టు మేడమ్ ఒకావిడ స్కాన్ కన్నా ముందు అడిగిన ప్రశ్న: "రేడియేషన్ ఎప్పుడైంది, ఎన్ని గ్రే, ఎక్కడికి?" అంతవరకు ఆ ప్రశ్న ఒక్కరు కూడా అడగలేదు. ఆవిడ చెప్పిన జబ్బు పేరు స్మార్ట్ సిండ్రోమ్. రేడియేషన్ అయిన చాలా ఏళ్ళకి, చూడటానికి అచ్చం పక్షవాతంలా, మైగ్రేన్ తలనొప్పితో, ఫిట్స్‌తో వచ్చే దాడి ఇది. స్కాన్‌లో మెదడు పై ముడతల్లో ఆ వెలుగు వస్తుంది, వారాల్లో చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంత లోపం మిగిలిపోతుంది. చెయ్యాల్సింది ఫిట్స్ అదుపు చేసి, స్టెరాయిడ్ అవసరమైతే కొద్ది రోజులు ఇచ్చి, మళ్ళీ స్కాన్ తీసి చూడటం. తొందరపడి ముక్క తీయడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువ అని చెప్పారు. అలాగే ఆగాం. మాట ముందు వచ్చింది, తర్వాత చెయ్యి. తర్వాతి స్కాన్‌లో ఆ వెలుగు లేదు.

ఆ మేడమ్‌కి పాత రేడియేషన్ ప్లాన్ కావాల్సి వచ్చింది, అంటే మెదడులో ఏ భాగానికి ఎంత డోసు పడిందో రంగుల్లో చూపించే మ్యాపు. మా రేడియేషన్ విభాగానికి వెళ్తే రికార్డు రూములో "అంత పాతవి ఉండవు" అన్నారు. రేడియేషన్ డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్ ఒకాయన కల్పించుకుని బ్యాకప్‌లో వెతికి సీడీ చేసి ఇచ్చారు, ఆయనకి చేతులెత్తి దండం పెట్టొచ్చు. కానీ పేషెంటు బతికున్నంత కాలం పనికొచ్చే కాగితం ఒక మంచి మనిషి దయ మీద దొరికే పరిస్థితి ఉండకూడదు.

ఇలా గడ్డ తిరగబెట్టిందేమో అని అనుమానం కలిగించే సంగతి స్మార్ట్ ఒక్కటే కాదు. రేడియేషన్ పడిన చోట మెదడు కణజాలం చచ్చిపోయి వాచే జబ్బు ఉంది, రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. మామూలు ఎమ్మారైలో అది గడ్డలాగే కనిపిస్తుంది. పెర్ఫ్యూజన్ ఎమ్మారై, స్పెక్ట్రోస్కోపీ, పెట్ స్కాన్ లాంటివి కలిపి చూస్తే తేడా తెలిసే అవకాశం ఎక్కువ. దానికి స్టెరాయిడ్‌లు, తగ్గకపోతే బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్, కొన్నిసార్లు ఆపరేషన్. కాబట్టి ఎవరైనా ఒక్క స్కాన్ చూసి "తిరగబెట్టింది" అంటే, "నెక్రోసిస్ కాదని ఎలా తేల్చారు?" అని మర్యాదగానే అడగండి.

మెమరీ పరీక్ష కూడా ఆ మేడమే రాశారు. సైకాలజిస్ట్ అమ్మాయి గంటకి పైగా కూర్చోబెట్టి, మొత్తం తెలుగులోనే చేసింది. మన నిమ్స్‌లో డాక్టర్లు తెలుగువాళ్ళ కోసం ఇలాంటి పరీక్షని సిద్ధం చేసి చాలా కాలమైంది, అయినా మాకు అంతకు ముందు ఎవరూ పెట్టలేదు. ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంది, పేరూ అడ్రసూ చెప్పి కాసేపటి తర్వాత తిరిగి చెప్పమంది. అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంది. మూడు అంకెల దాకా గబగబా చెప్పాడు. నాలుగు అయ్యేసరికి ఆగిపోయి, వేళ్ళు మడుచుకుంటూ తెరుచుకుంటూ, "ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు. నోట్లోనే టోకు లెక్కలు కట్టిన మనిషి. రిపోర్టులో జ్ఞాపకం కన్నా ఆలోచన వేగం, ఏకాగ్రత ఎక్కువ దెబ్బతిన్నాయని వచ్చింది. ఆ కాగితం చూసి అన్నయ్య "అయితే నేను బద్ధకిస్తున్నది కాదన్నమాట" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమైనా ఆ పరీక్ష ఏళ్ళ ముందే చేయించి ఉండాల్సింది ఆ రేడియేషన్ విభాగం.

ఇది మా ఇంటి కథ మాత్రమే అనుకోకండి. నెదర్లాండ్స్‌లో లో గ్రేడ్ గ్లయోమా వాళ్ళనే దీర్ఘకాలం గమనించారు. సగటున ఆరేళ్ళ దగ్గర చూసినప్పుడు, రోజుకి 2 గ్రే లోపు తీసుకున్న వాళ్ళలో రేడియేషన్ వల్ల పెద్ద తేడా కనిపించలేదు. సగటున 12 ఏళ్ళ దగ్గర మళ్ళీ చూస్తే, 2009లో వచ్చిన ఆ పరిశోధనలో, రేడియేషన్ తీసుకోని వాళ్ళు నిలకడగా ఉన్నారు, తీసుకున్న వాళ్ళలో ఏకాగ్రత తగ్గుతూ పోయింది. అంటే ఆరేళ్ళకి "బాగున్నారు" అని ఫైలు మూసేస్తే దొరకని జబ్బు ఇది. ఇజ్రాయెల్‌లో 1950ల్లో తలలో తామరకి పిల్లలకి రేడియేషన్ ఇచ్చారు, మెదడుకి పడింది సుమారు 1.5 గ్రే మాత్రమే. అయినా దశాబ్దాల తర్వాత వాళ్ళలో మెనింజియోమా (మెదడు పైపొరల్లో వచ్చే గడ్డ) లాంటి గడ్డలు మామూలు కన్నా చాలా ఎక్కువగా వచ్చాయి.

దయచేసి ఇది చదివి రేడియేషన్ మానుకోకండి. 2016లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ ఫలితాల్లో, ఎక్కువ రిస్కు ఉన్న లో గ్రేడ్ గ్లయోమాకి రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 7.8 ఏళ్ళు దాటి బతికారు, దాని తర్వాత కీమో కూడా ఇస్తే 13.3 ఏళ్ళు దాటారు. మా అన్నయ్య బతికి ఉన్నాడంటే ఆ మిషన్ వల్ల, ఆ డాక్టర్ల వల్ల. ఇన్నేళ్ళు బతికించగలుగుతున్నారు కాబట్టే ఆ ఏళ్ళ బాధ్యత కూడా తీసుకోమంటున్నాను. ఫాలోఅప్ ఓపీలో ఒక న్యూరాలజిస్టు, ఒక సైకాలజిస్ట్ వారానికి ఒక పూట కూర్చుంటే చాలు, కొత్త బిల్డింగు అక్కర్లేదు.

వెళ్ళబోయే వాళ్ళకి చెప్పేది: రేడియేషన్ మొదలవ్వక ముందే ఒక మెమరీ పరీక్ష చేయించి పెట్టుకోండి, తర్వాత పోల్చడానికి ఆధారం ఉంటుంది. మెదడు మొత్తానికి ఇస్తామంటే, హిప్పోక్యాంపస్‌ని తప్పించి ఇవ్వడం కుదురుతుందా, దాంతో పాటు మెమాంటిన్ మాత్ర ఇస్తారా అని అడగండి. 2020లో వచ్చిన ట్రయల్‌లో ఈ రెండూ కలిపి ఇచ్చిన వాళ్ళలో జ్ఞాపకశక్తి నష్టం తగ్గింది. గడ్డ హిప్పోక్యాంపస్ దగ్గరే ఉంటే కుదరదు, అది డాక్టరు చెప్తారు. మెదడు అడుగున హార్మోన్లని నడిపించే పిట్యుటరీ గ్రంథి దగ్గర డోసు పడితే హార్మోన్లు ఏళ్ళ తర్వాత తగ్గొచ్చు, కాబట్టి థైరాయిడ్, కార్టిసాల్ ఏడాదికోసారి చూపించుకోండి. నీరసానికి కారణం ఒక్కోసారి అదే, దానికి మందు ఉంది. బీపీ, షుగరు కంట్రోల్‌లో పెట్టండి, సిగరెట్ మానిపించండి. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. పిల్లలకైతే ఇంకా జాగ్రత్త, ఎదిగే మెదడు మీద దెబ్బ ఎక్కువ, ఎత్తు పెరగడం, బడిలో చదువు రెండూ గమనించాలి. చెన్నైలో 2019 నుంచి ప్రోటాన్ అనే మరో రకం రేడియేషన్ ట్రీట్‌మెంట్ ఉంది, అది మీ పిల్లాడికి ఉపయోగమా కాదా అని కనీసం అడిగి తెలుసుకోండి.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. రేడియేషన్‌కి ప్యాకేజీ ఉంది, ఇన్సూరెన్సు చాలా వరకు ఇచ్చింది. ఏళ్ళ తర్వాత వచ్చిన మెమరీ పరీక్ష, హార్మోన్ టెస్టులు, ప్రత్యేక ఎమ్మారై మాత్రం అన్నీ చేతి డబ్బే, ఓపీ కింద వస్తాయని క్లెయిమ్ తిప్పికొట్టారు.

ఇప్పుడు అన్నయ్య షాపుకి పొద్దున పూటే వెళ్తాడు. ఆర్డర్లన్నీ చీటీ మీద రాసి ఇమ్మంటున్నాడు, ఒక ఆర్డరు పూర్తయ్యేదాకా ఫోన్ మా మేనల్లుడి దగ్గర ఉంటుంది. సైకాలజిస్ట్ అమ్మాయి నేర్పించిన పద్ధతులే ఇవి. పాత కొట్టువాళ్ళు అలవాటు పడ్డారు, చీటీ తెచ్చుకుంటున్నారు.

నా రేటింగ్: మిషన్, టెక్నీషియన్లు, ఫిజిసిస్ట్, వారం వారం చూసిన డాక్టరు, వీళ్ళందరికీ అయిదుకి అయిదు. చివరి రోజు ఇచ్చిన ఫైలుకి రెండు. ఏళ్ళ ఫాలోఅప్‌కి ఒకటి, ఆ ఒకటి కూడా స్కాన్‌లు క్రమం తప్పకుండా తీసినందుకు. అక్కడ ట్రీట్‌మెంట్ తీసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే తీసుకోమనే చెప్తాను. కాకపోతే చివరి సిట్టింగ్ రోజునే డోసు వివరాల కాగితం, ప్లాన్ సీడీ, స్కాన్ సీడీలు మూడూ చేతికి వచ్చాకే ఆస్పత్రి దాటండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి, రాత్రిపూట ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వస్తే అక్కడి డ్యూటీ డాక్టరుకి మొదటి మాటగా "బ్రెయిన్‌కి రేడియేషన్ అయింది" అని చెప్పండి.